పోస్టుల ఎయ్యని ఉత్తరం

లింబాయత్, సూరత్
12 జూన్ 1994

ప్రియమైన అమ్మకు,

పద్మ రాస్తున్నది. ఇక్కడికి వచ్చినంక పదిహేను రోజులకొక ఉత్తరం రాస్తనని చెప్పిన. రెండు నెలలైంది, రాయలేదు. తిట్టాలనుకుంటే మొత్తం చదివినంక తిట్టు.

రుచితకు బాగలేదు అమ్మా. జ్వరం, దగ్గు అసొంటిది కాదు. కాలు.

పోయిన వారం గురువారం నాడు నీళ్ళు పోసి తుడుస్తుంటే చూసిన. ఎడమ కాలు కుడికాలు లెక్క తెరుచుకుంటలేదు. రెండు మోకాళ్ళు మడిచి పక్కపక్కన పెడితే ఎడమ మోకాలు కిందికి ఉంది. తొడమీద ముడతలు ఒకదిక్కు రెండు, ఒకదిక్కు మూడు. చిన్నపిల్లల డాక్టర్‌కు చూపెడితే ఆయన ఎముకల డాక్టర్ దగ్గరికి తోలిండు. ఆయన ఎక్స్‌రే తీయించి, దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి మాకు చూపెట్టిండు. తుంటికాడ గిన్నె లెక్క ఉంటదట. తొడ ఎముక పైన గుండు ఉంటదట. గుండు పోయి గిన్నెల కూసోవాలె. రుచితకు కుడిదిక్కు కూసున్నది. ఎడమదిక్కు గుండు గిన్నె విడిచిపెట్టి పైకి పోయింది.

"పుట్టిన నెల రెండు నెలల్ల తెచ్చుంటే బట్ట బెల్టులతోనే అయిపోతుండె బెన్. ఇప్పుడు ఏడు నెలలు" అన్నడు. బెన్ అంటే ఈడ అక్కా అన్నట్టు. నేను ఒక్కటే అడిగిన. "నడుస్తదా?" అని. "వైద్యం చేయకపోతే నడుస్తది, కానీ జీవితమంతా కుంటుకుంట నడుస్తది" అన్నడు.

ఇంకేవేవో అడిగిండు. పుట్టేటప్పుడు కాళ్ళు ముందు వచ్చినయా అంటే అవునన్న. మొదటి కాన్పా అంటే అవునన్న. మీ ఇంట్ల ఎవరన్నా కుంటేటోళ్ళు ఉన్నరా అంటే మా చిన్నమ్మ ఉన్నదిగని ఆమె చిన్నప్పుడు మంచం మీదికెల్లి పడ్డది, అది వేరే అని చెప్పిన. అయినా ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నడు.

ఇంట్ల మా అత్త ఒక్కటే పాట. "మీ అమ్మ నీళ్ళు పోసుకుంట పిల్ల కాళ్ళు గుంజింది. గుంజి గుంజి ఊడగొట్టింది" అంటున్నది. మీ అల్లుడు అవునంటలేడు, కాదంటలేడు. తల వంచుకొని తిని కార్ఖానకు పోతున్నడు.

ఐదు నెలలు నువ్వే గదా నీళ్ళు పోసింది. నీకు ఎన్నడన్నా ఏమన్నా కనవడ్డదా? ఉన్నదున్నట్టు రాయి. తప్పు పట్టుటానికి అడుగుతలేను, డాక్టర్‌కు చెప్పాలె.

బాపును, చిన్నమ్మను అడిగిన అని చెప్పు.

నీ బిడ్డ
పద్మారాణి

—

సిరిసిల్ల
28 జూన్ 1994

నా బంగారు బిడ్డ పద్మకు,

నీ కారటు వచ్చి పది రోజులాయె. ఏం రాయాల్నో తెల్వక ఊకున్న. మీ బాపు రెండు సార్లు చదివిండు. అన్నం తినలె.

నాకేం కనవడలె బిడ్డా. పిల్ల మంచిగనే ఉండె. ముగ్గురిని పెంచిన చేతులు నాయి, నీళ్ళు పోసుడు నాకొకరు నేర్పాల్నా? మీ అత్తకు ఏదో ఒకటి అనుడు కావాలె, అంటది. పడు. పడి ఊకో.

మీ చిన్నమ్మ సంగతి డాక్టర్లకు ఎందుకు చెప్పినవు? సత్తవ్వ మంచం మీదికెల్లి పడ్డది, అది ఊరందరికి ఎరికే. ఇగ ఆ ముచ్చట ఆడ తియ్యకు. మీ అత్త ముంగట అసలే తియ్యకు.

వేములవాడ రాజన్నకు కోడె మొక్కిన. ఇంకోటి. పాలు తాగే పిల్లకు కోతలు, కట్లు అంటే ఒప్పుకోకు. ఈడ ఎముకలు సరిజేసే ముసలాయన ఉన్నడు, దూరం దూరం నుంచి వస్తున్నరు. పిల్లను తీస్కొని ఇటు రారాదు?

ఈడ తునికాకు మంచిది వస్తలేదు. బీడీలు సగం వాపసు గొడుతున్నరు. సత్తవ్వ దినాం పిల్లను అడుగుతది.

మీ అమ్మ
అనసవ్వ

—

లింబాయత్
24 జూలై 1994

ప్రియమైన అమ్మకు,

ముసలాయన దగ్గరికి తీస్కపోలేదు. 18 తారీఖు నాడు ప్లాస్టర్ ఏసిన్రు.

అంతకుముందు పన్నెండు రోజులు దవాఖానల ఉన్నం. పైకి పోయిన గుండు కిందికి దిగాలంటే కాళ్ళు గుంజి పెట్టాల్నట. రెండు కాళ్ళకు పట్టీలు చుట్టి, తాళ్ళు కట్టి, తాళ్ళకు బరువులు ఏలాడదీసిన్రు. కాళ్ళు పైకి పెట్టుకొని పన్నెండు రోజులు ఎల్లెలకల పండుకున్నది నా బిడ్డ. రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు కెల్లి ఏడుపు బంద్ చేసి నా మొఖం దిక్కే చూసుకుంట ఉన్నది. ఏడ్చుడే నయముండె అమ్మా.

తర్వాత మత్తిచ్చి లోపలికి తీస్కపోయిన్రు. రెండు గంటలు. తెచ్చి నా చేతుల పెడితే మొయ్యలేకపోయిన. ఛాతీ కింది నుంచి ఎడమకాలు వేళ్ళ దాక, కుడికాలు మోకాలు దాక తెల్లటి రాయి. కాళ్ళు రెండు కప్ప కాళ్ళ లెక్క ఎడంగ పెట్టి బిగించిన్రు. ఉచ్చకు, దొడ్డికి నడుమల ఇంత సందు ఇడిచిన్రు. మూడు నెలలుండాలె. నెలన్నరకు ఒకసారి మార్చి కొత్తది ఏస్తరు.

ఒళ్ళె పట్టది. ఉయ్యాలల పట్టది. పాలియ్యాలంటే గోడకొరిగి కూసొని, దాన్ని నాకు ఎదురుంగ పెట్టుకొని, దాని కాళ్ళు నా నడుముకు చెరో దిక్కు వచ్చేటట్టు పట్టుకుంటున్న. ప్లాస్టర్ అంచు నా కడుపుకు గీసుకపోతది. రెండు గంటలకోసారి బోర్లకు, ఎల్లెలకల తిప్పాలె. సందుల ప్లాస్టిక్ కాగితం, దాని మీద గుడ్డ దోపాలె. జర ఆలస్యమైతే తడి లోపలికి పోతది. పాల చుక్క మెడ మీదికెల్లి జారి లోపలికి పోయిందంటే చీమలు పడుతయి. మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టిన. లోపల దురద పెడితే దానికి చెప్పరాదు, నాకు గోకరాదు. ప్లాస్టర్ మీద వేళ్ళతో కొడుతుంటే ఆ చప్పుడుకు ఊకుంటది.

మా అర్ర కార్ఖాన మీద గదా. పొద్దంత కింద బట్ట నేసే సాంచలు నడిస్తే నేల అదురుతది. ఆ అదురుకే పండుకుంటది. వారానికొకనాడు కరెంట్ బంద్ ఉంటే లేచి కూసుంటా అన్నట్టు తల లేపుతది. లేవరాదు.

మా అత్త వచ్చినోళ్ళందరికి చెప్తున్నది, అమ్మమ్మ చేతుల పడి పిల్ల ఖరాబైంది అని. మొదట్ల నీ తరఫున కొట్లాడిన. ఇప్పుడు కొట్లాడుతలేను. ఎందుకంటే నాకు తెల్వది. నువ్వేం చేసినవో నాకు తెల్వది. ఎట్ల కొట్లాడాలె?

ఒక్క పది రోజులు రా అమ్మా. మీ అల్లుడు వారం పగటి పాళీ, వారం రాత్రి పాళీ. ఆయన ఇంట్ల ఉన్నా పండుకొనే ఉంటడు. స్నానం చేసి రెండు రోజులైంది నేను. పిల్లను ఎవరి చేతుల పెట్టి పోవాలె? ముట్టుకోవాలంటే అందరికి భయం.

ఉన్నదున్నట్టు రాయి అని అడిగిన. మల్లొకసారి అడుగుతున్న.

నీ బిడ్డ
పద్మ

—

సిరిసిల్ల
9 ఆగస్టు 1994

బిడ్డా పద్మా,

మీ రాజమల్లు మామ సూరత్‌కు మర్లి పోతున్నడు. ఆయన తోని ఈ కారటు, నా పాత నూలు చీరలు నాలుగు పంపుతున్న. మెత్తగ ఉంటయి, చింపి పిల్ల కింద ఎయ్యి.

నేను రాలేను. బీడీల పని ఇడిచిపెడితే కంపెనోళ్ళు పేరు కొట్టేస్తరు. మీ బాపుకు వండిపెట్టేటోళ్ళు లేరు.

మీ అత్త నన్ను అంటే అననీ. నాదే తప్పనుకో. ఇగ నన్ను అడుగుడు మాత్రం బంద్ చెయ్యి. నీ కాళ్ళు మొక్కుత.

మీ అమ్మ

—

లింబాయత్
5 సెప్టెంబర్ 1994

అమ్మకు,

చీరలు ముట్టినయి.

29 తారీఖు నాడు పాత ప్లాస్టర్ తీసి కొత్తది ఏసిన్రు. తీసినప్పుడు చూసిన నేను. తొడలు నా బొటనవేలంత అయినయి. తోలు పెచ్చులు పెచ్చులుగ ఊడి వచ్చింది. గుండు గిన్నెల ఉన్నదట గని గట్టిగ కూసోలేదట. ఇది గిట్ల నిలవకపోతే కోసి లోపల సరిజేయాలె అన్నడు డాక్టర్. ఆ మాట విని మా అత్త "ఇగ చాలు. ఆడపిల్లకు ఇంత గోస ఎందుకు? దానికి రాసింది గంతే" అన్నది. మీ అల్లుడు అప్పుడు నోరు తెరిచిండు. "అమ్మా, నువ్వు ఊకో" అన్నడు. పెళ్ళైనంక ఆ మాట అనుడు మొదటిసారి.

వంట చేసేటోళ్ళు లేరని రాసినవు. చిన్నమ్మ ఉన్నది గదా ఇంట్ల? బీడీల పని అన్నవు. రాజమల్లు మామ చెప్పిండు, పెద్ద బతుకమ్మ దాక బీడీల కార్ఖాన బంద్ ఉన్నదట, అందరు ఖాళీగనే ఉన్నరట. మామ నీ ముంగట కూసొని "పోరాదు ఒదినే, పిల్ల ఒక్కతే గోసపడుతున్నది" అంటే నువ్వు లేచి లోపలికి పోయినవట.

ఎందుకు రావు? నా బిడ్డను చూస్తే నీకేమైతది?

నేను అడిగింది రెండే. నిజం చెప్పు అన్న, రా అన్న. రెండూ చెయ్యలేదు. ఇగ నాకు రాయకు. నేను గూడ రాయను.

పద్మారాణి

—

ఉధ్నా స్టేషన్
24 సెప్టెంబర్ 1994, శనివారం

అమ్మా,

రాయనన్న. రాస్తున్న. మన ఊరి ఆగయ్య బండ్ల ఎక్కిండు, కిటికీల నుంచి ఈ కాగితం ఇస్తే నీకు ముట్టజెప్తనన్నడు. ఇక్కడ పోస్టు లేదు, ఏం లేదు. పట్నం పట్నమే ఉరుకుతున్నది.

ప్లేగు వచ్చిందట. రేడియోల విన్నరో లేదో. మొన్న గురువారం కెల్లి జనం సచ్చిపోతున్నరని ఒకటే మాట. మూతికి రుమాలు లేనోళ్ళు లేరు. కార్ఖానలు బంద్ పెట్టిన్రు. మా గల్లీల తెలుగోళ్ళ ఇండ్లు అన్నీ తాళాలే. మా అత్త నిన్న బావ వాళ్ళతోని పోయింది. పోయేటప్పుడు రుచిత దిక్కు చూడలేదు.

రుచితకు రెండు రోజుల కెల్లి జ్వరం.

అది ప్లేగు కాదమ్మా. నాకు తెలుసు. ఈ నెల వరద వచ్చినప్పుడు గల్లీల నీళ్ళు నిండినయి. మా అర్ర పైన గనుక మునగలేదు గని కప్పు కారి పక్కంత తడిసింది. ప్లాస్టర్ ఎనుక దిక్కు మెత్తబడ్డది. వారం కెల్లి లోపలి నుంచి వాసన వస్తున్నది. మొదట ఉచ్చ వాసన అనుకున్న. కాదు. పుండు వాసన. ప్లాస్టర్ కింద ఎక్కడో పుండు పడ్డది, నేను చూడలేను, ముట్టలేను.

డాక్టర్ దగ్గరికి పోయినం. తాళం. ఊరికి పోయిండని కాపలాదారు చెప్పిండు. ఇంకో ఇద్దరి దగ్గరికి పోయినం. తాళం. పెద్ద సర్కారు దవాఖాన ముంగట పోలీసులున్నరు, జ్వరమొచ్చినోళ్ళను వేరే వార్డుల పెడుతున్నరట. ఆ రోగుల నడుమల నా బిడ్డను పెడితే నిజంగనే ప్లేగు అంటుకుంటది. ఏం చెయ్యాలె?

మన ఊరికే వద్దామని పొద్దున స్టేషన్‌కు వచ్చినం. మూడు బండ్లు వచ్చిపోయినయి. మీ అల్లుడు పిల్లను తల మీద ఎత్తి పట్టుకొని తలుపు దాక పోయిండు. దాని కాళ్ళు ఎడంగ ఉన్నయి గదా, ఆ తలుపుల పట్టలేదు. మనిషికి మనిషి ఒత్తుకొని నిలవడ్డచోట అంత వెడల్పు ఎవరిస్తరు? ఒకడు ప్లాస్టర్ పట్టి ఎనుకకు నూకిండు. ఇంకోడు నొసలు ముట్టి "దీనికి జ్వరమున్నది" అని అరిచిండు. అంతే. అందరు కలిసి మమ్మల్ని దింపిన్రు.

ఇగ ఎక్కం. వాపసు అర్రకే పోతం.

నువ్వు రాకు. ఇది రమ్మని రాస్తలేను. నా బిడ్డ ఎట్లున్నదో ఎవరికో ఒకరికి చెప్పాలనిపించింది, నువ్వే యాదికొచ్చినవు.

పద్మ

—

జల్గావ్ స్టేషన్
28 సెప్టెంబర్ 1994, పొద్దున

నా బిడ్డ పద్మకు,

ఈ కాగితం పోస్టుల ఎయ్యలె. నేనే పట్కొని వస్తున్న. నోటితోని చెప్పుడు నాతోని కాదు. పిల్లను నా చేతులకు తీసుకున్నంక ఇది నీ చేతుల పెడుత. చదివినంక నువ్వు పొమ్మంటే పోత.

ఆగయ్య సోమవారం పగటీలి వచ్చి నీ కాగితమిచ్చిండు. మీ బాపు వద్దన్నడు. ఇంటోళ్ళందరు వద్దన్నరు. సత్తవ్వ ఒక్కతే సంచి సదిరిచ్చింది. కాజీపేటల బండెక్కి, ఈడ దిగిన. సూరత్ దిక్కుకెల్లి వచ్చే బండ్లకు మనుషులు గబ్బిలాల లెక్క ఏలాడుతున్నరు. సూరత్‌కు పోయే బండి అడిగితే టికెటు ఇచ్చేటాయన నా మొఖం చూసి "మాయీ, ఆడికి ఎవలు పోతలేరు" అన్నడు. నా బిడ్డ ఉన్నదన్న. బండికి ఇంకా గంటన్నర ఉన్నది. గంటన్నరల ఇదంత రాయాలె.

నాకు కనవడ్డది పద్మా. పదకొండో దినం నాడే కనవడ్డది.

నీళ్ళు పోసుకుంట కాళ్ళు ఇటు అటు తిప్పుతుంటే ఎడమ తుంటికాడ టుక్కుమన్నది. నా అరచేతికి తాకింది. ఆ టుక్కు నాకు కొత్త కాదు. నా చెల్లెకు నీళ్ళు పోసేటప్పుడు గూడ గట్లనే అంటుండె, గప్పుడు నాకు పన్నెండేండ్లు. సత్తవ్వ మంచం మీదికెల్లి పడలె. ఎన్నడూ పడలె. పుట్టుడే గట్ల పుట్టింది. పుట్టుకతోని కుంటిదంటే ఆ ఇంటి పిల్లలను ఎవలు చేసుకోరని మా అవ్వ మంచం మాట పుట్టిచ్చింది. ఆ మాట మీదనే నా పెండ్లయింది. నీ పెండ్లయింది. సత్తవ్వకు మాత్రం కాలె.

నీకు చెప్పాలనుకున్న. ఇరవై ఒకటో దినం మీ అత్త వచ్చింది గదా. పిల్లను చూసి "ఆడపిల్లాయె, ఏం చేస్తం, అవయవాలు మంచిగున్నయి అంతే చాలు" అన్నది. ఆ మాటతోని దాచిపెట్టిన. చెప్తే నిన్ను, పిల్లను ఈడనే ఇడిచిపెట్టి పోతరనుకున్న. నీ బతుకు సత్తవ్వ బతుకు అయితదనుకున్న.

కాళ్ళు సక్కగుంటే తుంటి గూడ సక్కగైతదనుకున్న. దినాం నీళ్ళు పోసినంక రెండు కాళ్ళు దగ్గరికి జేసి గుడ్డతోని గట్టిగ కట్టిన. నువ్వు చూసినవు, చలికని కట్టిననుకున్నవు. ఐదు నెలలు కట్టిన. ఏడుస్తుంటే ఇంకా గట్టిగ కట్టిన.

నువ్వు జూలైల రాసినవు, కాళ్ళు కప్ప లెక్క ఎడంగ పెట్టి ప్లాస్టర్ ఏసిన్రని. అది చదివినంక అర్థమైంది నాకు. దేవుడు పంపిన రోగానికి మందు ఎడంగ పెట్టుడాయె. నేను దగ్గరికి కట్టిన. ఉన్నదాన్ని నేనే ఎక్కువ జేసిన. ఏ మొఖం పెట్టుకొని వస్త బిడ్డా? నువ్వు పిలిచినప్పుడల్ల రాక దాక్కున్న. గిందుకే.

బండి వస్తున్నదంటున్నరు.

మీ అమ్మ
అనసవ్వ

—

లింబాయత్
19 మార్చి 1995

ప్రియమైన అమ్మకు,

నువ్వు పోయి నాలుగు నెలలైతున్నది. పోయేటప్పుడు నేను స్టేషన్‌కు రాలేదు. ఒక్క ఉత్తరం గూడ రాయలేదు. నువ్వు రాసినవి మూడూ ముట్టినయి. మీ అల్లుడు చదివి ఇనిపించిండు.

ముందుగాల పిల్ల సంగతి. నువ్వున్నప్పుడే నవంబర్‌ల ప్లాస్టర్ తీసిన్రు గదా. తర్వాత తోలు పట్టీల బెల్టు ఏసుకొని ఉండె. ఫిబ్రవరిల అది గూడ తీసిన్రు. మొన్న మంగళవారం ఎక్స్‌రే తీసిన్రు. పాత డాక్టరే, ఆయన దీపావళి ముంగట తిరిగొచ్చిండు. మొఖం ఎత్తి మాట్లాడలేదు చానా రోజులు. ఎక్స్‌రే చూసి మాత్రం నవ్విండు. గుండు గిన్నెల కూసున్నది. గిన్నె ఇంకా లోతు కావాలె, ఏటా చూపెట్టాలె, పెద్దగయ్యేదాక చూపెట్టాలె. కోసుడు మాత్రం అక్కర లేదన్నడు. బయటికొచ్చి మెట్ల మీద కూసున్న. మీ అల్లుడు పిల్లను ఎత్తుకొని నా ఎదురుంగ నిలబడి, ఏడ్వకు ఏడ్వకు అనుకుంట తనే ఏడ్చిండు.

ఇగ నేను చెప్పాల్సింది ఉన్నది.

నీ కాగితం చదివినంక పదిహేను రోజులు నీతోని మాట్లాడలేదు. నువ్వు వండితే తిన్న, పిల్లను నీకిచ్చి నిద్రపోయిన, గని మాట్లాడలేదు. కోపమనుకున్నవు. కోపమే. గని ఎవరి మీద కోపమో నీకు తెల్వది.

నువ్వొచ్చిన తెల్లారి ఏం చేసినవో నేను మర్చిపోను. ఖాళీ గల్లీల తిరుక్కుంట, కనవడ్డ ప్రతి మనిషిని తెలుగులనే అడిగినవు, దవాఖానల పనిజేసేటోళ్ళు ఎవరన్న ఉన్నరా అని. హిందీ రాదు, గుజరాతీ రాదు. లింబాయత్ దాటి గోడాదరా దాక నడిచినవు. ఆడ తెలుగొచ్చిన సోలాపూర్ పద్మశాలి అంబదాస్ దొరికిండు నీకు. సర్కారు దవాఖానల ప్లాస్టర్లు కోసుడే ఆయన పని. భార్యాపిల్లలను ఊరికి పంపి తను ఒక్కడే ఉన్నడు. "నేను గూడ పోతే కోసేటోడు ఎవడు?" అన్నడట నీతోని. ఎనుక గేటు నుంచి మనలను లోపలికి తీస్కపోయింది ఆయనే.

ఆయన రంపం తీసినంక నేను బయటికొచ్చి గోడకు మొఖం పెట్టి చెవులు మూసుకున్న. లోపల జరిగింది అంబదాస్ తర్వాత చెప్పిండు. మత్తిచ్చే డాక్టర్ లేడట. ఉన్నది ఒక్క లేడీ డాక్టరట, అంతకుముందు రోజు కెల్లి ఆమె నిద్రపోలేదట. ప్లాస్టర్ తీసినంక తొడలు ఇంచు గూడ దగ్గరికి రావద్దు, వస్తే గుండు జారుతది, మూడు నెలల పని నీళ్ళపాలు అన్నదట. నువ్వు పిల్ల రెండు తొడలు రెండు చేతులతోని ఎడంగ పట్టుకున్నవట. పుండు కడిగి, మందు పెట్టి, కొత్త ప్లాస్టర్ ఆరేదాక గంటంబావు. పిల్ల నీ చెయ్యి రక్కితే రక్తమొచ్చిందట. కదలలేదట నువ్వు. "ఆ ముసలమ్మ చేతులు నేను ఇంతవరకు చూడలేదు" అన్నడు అంబదాస్.

ఆ చేతులను నేను పదిహేను రోజులు చూడలేకపోయిన.

అమ్మా, నేను గూడ అబద్ధం రాసిన. మొదటి ఉత్తరంల, పోయిన వారం గురువారం నాడు చూసిన అని రాసిన గదా. అది నిజం కాదు. నేను ఏప్రిల్‌లనే చూసిన. సిరిసిల్ల కెల్లి వచ్చేటప్పుడు బండ్ల సీటు మీద పిల్లకు గుడ్డ మారుస్తుంటే చూసిన. ఒక మోకాలు కింద, ఒక మోకాలు మీద. మా అత్త ఎదురుంగ కూసున్నది. దబ్బున గుడ్డ కప్పిన. తర్వాత రెండు నెలలు ఆమె ఇంట్ల ఉన్నప్పుడు పిల్ల కాళ్ళు బయట పెట్టలేదు. ఎండకాలంల గూడ లాగు తొడిగిన. దినాం చూసుకున్న, దినాం ఇయ్యాల సక్కగైంది అనుకున్న. ఆఖరికి మా అత్తనే చూసింది. అప్పుడే చూసినట్టు నేను నెత్తి కొట్టుకున్న.

నువ్వెందుకు దాచినవో నాకు ముందే తెలుసు. నేను దాచింది గూడ గందుకే. నేను నిన్ను నిజం చెప్పు నిజం చెప్పు అని ఏడిపించిన. నువ్వు తప్పు ఒప్పుకుంటే నాది కనవడకుండ పోతదనుకున్న. నీ కాగితం చదివినంక ఇగ ఎటు చూడాల్నో తెల్వలేదు.

డాక్టర్‌ను అడిగిన. కాళ్ళు కట్టుడు మంచిది కాదు అన్నడు. కట్టకపోయినా ఇట్లనే ఉండేదా అంటే చెప్పలేను బెన్ అన్నడు. రెండు నెలలు ముందు తెచ్చుంటే ఏమైతుండె అంటే అది గూడ చెప్పలేనన్నడు. కాబట్టి మనం ఇద్దరం తెల్వకనే బతకాలె. పూర్తిగ మాఫ్ చేసిన అని రాస్తే మల్ల అబద్ధమైతది. కొన్ని పొద్దులు నువ్వు గట్టిగ ముడి ఏసుడు కండ్లల్ల మెదులుతది, అన్నం పోదు. కొన్ని పొద్దులు నా చెయ్యే మెదులుతది, గుడ్డ కప్పుకుంట.

ప్లేగు పోయినంక తిరిగొచ్చిన మా అత్తకు గూడ చెప్పిన. పోయిన ఆదివారం, మీ అల్లుడి ముంగట. మా అమ్మ గుంజలేదు, మా చిన్నమ్మకు పుట్టుకతోనే ఉన్నది, నా బిడ్డకు వచ్చింది, నేను చూసి గూడ మీకు చెప్పలేదు అన్న. తిడుతదనుకున్న. "మీ అందరికి నన్ను చూస్తే గంత భయమా?" అని అడిగింది. నేను అవునన్న. ఆమె లేచి పోయి బియ్యం కడిగింది.

నిన్న ఒకటి జరిగింది. నీకు చెప్పకుంటే నిద్ర పట్టదు. మా గల్లీ చివర ఆడపిల్ల పుట్టి ఇరవై రోజులైంది. హారతి అని, ఇరవై ఏండ్లు గూడ లేవు ఆ తల్లికి, మంచిర్యాల దిక్కు వాళ్ళు. రుచితను సంకనేసుకొని చూడపోయిన. వాళ్ళ పిల్ల కాళ్ళు దగ్గరికి చుట్టి ఉన్నయి. ఇప్పి చూస్త అని అడిగి, డాక్టర్ నాకు చూపెట్టినట్టు మోకాళ్ళు మడిచి మెల్లగ పక్కలకు తెరిచిన. కుడిదిక్కు టుక్కుమన్నది అమ్మా. నువ్వు రాసినట్టే. అరచేతికి తాకింది.

హారతి నా మొఖం చూసి అర్థం చేసుకున్నది. నా చెయ్యి పట్టుకొని "అక్కా, మా అత్తకు చెప్పకు. నీకు దండం పెడుత" అన్నది. కొంగు నోట్ల పెట్టుకొని ఏడ్చింది. చెప్పను అనుడు ఎంత తేలిక. నోటి దాక వచ్చింది.

నేనే లేచి పోయి చెప్పిన. వాళ్ళత్త చాయ్ పోస్తున్నది. రుచితను ఆమె ముంగట కూసోవెట్టి, లాగు ఇప్పి, ప్లాస్టర్ కింద పడ్డ పుండు మచ్చ చూపెట్టి, మొదటి నుంచి అంత చెప్పిన. ఇయ్యాల పొద్దున వాళ్ళత్తనే పిల్లను ఎత్తుకొని నాతోని, హారతితోని డాక్టర్ దగ్గరికి వచ్చింది. బెల్టులు చాలు అన్నడు. ప్లాస్టర్ లేదు, మత్తు లేదు. రెండు మూడు నెలలల్ల అయిపోతదట.

వచ్చేటప్పుడు ఆటోల పిల్ల హారతి ఒళ్ళెనే ఉన్నది. దిగినంక పిల్లను నా చేతుల పెట్టి, బెల్టు ఎట్ల ఇప్పాలె, ఎట్ల కట్టాలె మల్లొకసారి చూపెట్టు అక్కా అని అడిగింది. రేపు పొద్దున మల్ల పోవాలె.

ప్రేమతో
నీ పద్మ